పులికాట్ బడిలో మొదటి ఏడాది

రాకెట్ చూద్దామని వచ్చేవాళ్లు కొందరు, ఫ్లెమింగోల కోసం వచ్చేవాళ్లు ఇంకొందరు. వీళ్లు కాకుండా మరో రకం యాత్రికులూ నెల్లూరు తీరానికి వస్తుంటారు. వాళ్ల సంచిలో ఓ నోటుపుస్తకం, బైనాక్యులర్, నాలుగు ప్లాస్టిక్ సీసాలు ఉంటాయి. ఇంటిదగ్గర మాత్రం ఫెలోషిప్ ఉత్తర్వు భద్రంగా ఉంటుంది. పరిశోధనలోకి కొత్తగా అడుగుపెట్టిన ఆ కుర్రకారుకి ఈ ఉప్పునీళ్లు, ఈ చిత్తడినేలలు, ఇక్కడి మనుషులు ఏం నేర్పుతారు?

సూళ్లూరుపేట స్టేషన్లో రైలు దిగి తూర్పుముఖంగా బయల్దేరితే... ఊరు దాటిన కాసేపటికే రోడ్డుకి రెండుపక్కలా నీళ్లు మొదలవుతాయి. కనుచూపు మేరా పలచగా పరుచుకున్న నీళ్లు. మధ్యలో తాడు పట్టి గీసినట్టు తిన్నని రోడ్డు. సుమారు 18 కిలోమీటర్ల ఆ ప్రయాణం చివర శ్రీహరికోట. చలికాలం పొద్దున్నే వెళ్తే ఆ నీళ్లలో గులాబీరంగు గీతలాగా ఫ్లెమింగోల బారు కనిపిస్తుంది. అదే మే నెలలో వెళ్లారనుకోండి... నీళ్లుండాల్సిన చోట చాలామేర పగుళ్లిచ్చిన మట్టి, దానిమీద తెల్లటి ఉప్పుపొర!

ఇదే పులికాట్. ఈ చుట్టుపక్కల పెద్దలు పిలుచుకునే పేరు ప్రళయకావేరి. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. పొడవు దాదాపు 60 కిలోమీటర్లు. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల్ని విడదీసినప్పుడు సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలో కలిశాయి. కాగితాలమీద జిల్లా మారినా యాసా, చేపల పులుసూ మాత్రం నెల్లూరువే.

నీటిజీవుల మీదో, పక్షుల మీదో, మత్స్యకారుల జీవితాల మీదో పీహెచ్‌డీ మొదలెట్టేవాళ్లకు ఈ తీరం ఓ పెద్ద ప్రయోగశాల. నెల్లూరు దగ్గర కాకుటూరులో 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. ఇటు తిరుపతి, అటు చెన్నై విశ్వవిద్యాలయాలూ దూరమేం కాదు.

ఉత్తర్వు వచ్చింది... తర్వాత?

ఇంట్లో వాళ్లకు ముందు అర్థం కానిది ఈ ఫెలోషిప్పే. ‘ఇది ఉద్యోగమా, చదువా?’ అని అమ్మ అడుగుతుంది. ‘ఎన్నేళ్లు?’ అంటాడు నాన్న. రెండూ న్యాయమైన ప్రశ్నలే!

ఎమ్మెస్సీ, ఎంఏ చదివినవాళ్లు నెట్ పరీక్ష రాసి అందులో జేఆర్‌ఎఫ్... అంటే జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్‌కు ఎంపికైతే, పరిశోధన చేసినన్నాళ్లూ నెలనెలా జీతంలాంటిది అందుతుంది. 2019లో 31 వేల రూపాయలున్న ఆ మొత్తం 2023 జనవరి నుంచి 37 వేలైంది. హాస్టల్ దొరకకపోతే ఇంటద్దె భత్యం అదనం. రెండేళ్లయ్యాక నిపుణులు పని చూసి తృప్తిపడితే సీనియర్ ఫెలోగా మారుస్తారు. అప్పుడు నెలకు 42 వేలు. మొత్తమ్మీద అయిదేళ్లు. ఆలోపు సిద్ధాంతవ్యాసం పూర్తిచేయాలి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ డబ్బు అన్నిసార్లూ నెల తిరిగేసరికి ఖాతాలో పడదు. రెండు మూడు నెలలది ఒకేసారి రావడమూ కొత్త కాదు. ఆ మధ్యకాలంలో పడవ బాడుగా, బస్సు ఖర్చూ సొంత జేబులోంచే. అందుకే ‘మొదటి డబ్బు రాగానే మూడునెలల ఖర్చు పక్కన పెట్టుకోండి’ అంటారు ఈ దారిలో ముందు నడిచినవాళ్లు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. అప్పటిదాకా చదివిన చదువులో ప్రశ్న వేరేవాళ్లు ఇచ్చేవారు, జవాబు రాస్తే సరిపోయేది. ఇక్కడ ప్రశ్న కూడా తనే వెతుక్కోవాలి. మొదటి ఆర్నెల్లు కోర్సువర్క్ పాఠాలతో, పాత పరిశోధనలు చదవడంతో గడిచిపోతాయి. ఆ తర్వాత అసలు పని... చెప్పులు విప్పి బురదలోకి దిగడం!

ఉప్పు చెప్పే లెక్క

పులికాట్‌లో సగటు లోతు మీటరు. చాలాచోట్ల మోకాలి లోతే. ఇంత పలచటి నీళ్లలో కొలవడానికి ఏముంటుంది అనిపిస్తుంది. ఓ చుక్క నీటిని రిఫ్రాక్టోమీటర్ అద్దం మీద వేసి వెలుతురుకేసి చూస్తే ఉప్పెంతో తెలిసిపోతుంది. వారం పోయాక అదే చోట, అదే సమయానికి కొలిస్తే లెక్క మారిపోతుంది. పరికరం పాడైందేమోనని కొత్తవాళ్లు హడలిపోతారు. పరికరం బాగానే ఉంటుంది. మారేది సరస్సు!

సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో కాళంగి, ఆరణి నదుల వరద వచ్చి పడితే పులికాట్‌లో కొన్నిచోట్ల నీళ్లు దాదాపు చప్పబడతాయి. ఎండాకాలంలో నీళ్లు ఆవిరై ఉప్పు మిగిలిపోయి, సముద్రాన్ని మించిన ఉప్పదనం వస్తుంది. రొయ్యపిల్ల ఎదగాలన్నా, చేప గుడ్డు పెట్టాలన్నా, ఫ్లెమింగో ముక్కుతో వడగట్టి తినే సన్నటి నీటిజీవులు పుట్టాలన్నా ఈ ఉప్పూ మంచినీళ్ల పాళ్లు కుదరాలి. ఆ పాళ్లు కుదిర్చేవి సముద్రంతో సరస్సుకున్న ముఖద్వారాలు. దక్షిణాన పళవేర్కాడు, ఉత్తరాన రాయదొరువు లాంటిచోట్ల పోటుకి సముద్రం లోపలికి వస్తుంది, పాటుకి సరస్సు బయటికి పోతుంది. ఉత్తరం వైపు ద్వారాలు ఇసుక మేటలేసి పూడిపోతుండటమే ఇక్కడి జాలర్ల పెద్ద బాధ. శ్రీహరికోటకు వేసిన రోడ్డుకట్టతో నీటి కదలిక తగ్గిందన్నది శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్న మాట.

అందుకని ఒక్కరోజు కొలతకి ఇక్కడ విలువ లేదు. ఏడాది పొడవునా, అదే చోట, అదేవిధంగా కొలిస్తేనే అది శాస్త్రం అవుతుంది. మొదటి ఏడాది ఫెలో నేర్చుకునే తొలి పాఠం ఓపిక.

రెండో పాఠం పడవ నడిపేవాళ్లు నేర్పుతారు. ‘ఏందబ్బయా, నీళ్లలో ఏం ఎతుకుతుండావు?’ అనే ప్రశ్న ఎదురుకాని పరిశోధకుడు ఈ తీరంలో ఉండడు. ఆ ప్రశ్నకు జార్గన్ లేకుండా, తేట తెలుగులో జవాబు చెప్పగలిగితే సగం పీహెచ్‌డీ అయినట్టే! ఏ గాలికి ఏ వైపు నీళ్లు తోసుకొస్తాయో, ఏ నెలలో రొయ్య ఎక్కడ తిరుగుతుందో, ఏ ఏడు నుంచి ఏ చేప కనబడకుండా పోయిందో... ఇవన్నీ గెడ వేసే మనిషికి నోటిలెక్క. పుస్తకంలో ఉన్న శాస్త్రీయనామానికీ ఆయన నోట్లో ఉన్న పేరుకీ పెళ్లి చేయడమే కొత్త పరిశోధకుడి పని. ఈ ఊళ్ల మాటను, తిండిని, పిట్టల్ని, చెట్టుచేమల్ని పట్టి ఇచ్చిన స.వెం.రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ అందుకే ఇక్కడికొచ్చే వృక్ష, జంతుశాస్త్ర విద్యార్థులు కూడా చదవదగ్గ పుస్తకం.

పక్షుల్ని లెక్కపెట్టేదెలా?

సూళ్లూరుపేట నుంచి నెల్లూరు వైపు జాతీయరహదారి మీద వెళ్తే దొరవారిసత్రం దగ్గర నేలపట్టు వస్తుంది. 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించిన ఈ ప్రాంతం విస్తీర్ణం దాదాపు 459 హెక్టార్లు. చెరువులో మొదలంటా మునిగి నిలబడ్డ నీటి కడప చెట్లు... వాటి కొమ్మలమీద గూడబాతుల గూళ్లు. అక్టోబరు తర్వాత వచ్చి జతకట్టి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. నత్తగుల్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు వాటికి ఇరుగుపొరుగు.

చూడ్డానికొచ్చినవాళ్లు ‘అబ్బ, ఎన్ని పక్షులో!’ అంటారు. పరిశోధకుడు ఆ ‘ఎన్ని’కి అంకె చెప్పాలి. పదింటిని ఒక గుంపుగా కంటికి పట్టించుకోవాలి. అలాంటి గుంపులు ఎన్నున్నాయో చూసుకుంటూ పోవాలి. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి తర్వాత పోల్చుకోవాలి. ఇద్దరి అంకెలూ కలవకపోతే మళ్లీ మొదటికి! 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన ఏటా జనవరిలో ఇలాగే సాగుతుంది. కొత్త ఫెలోలకు అదో మంచి శిక్షణ శిబిరం. అనుభవజ్ఞుల పక్కన నిలబడి, టెలిస్కోప్‌లో కన్నుపెట్టి, తప్పులు దిద్దుకుంటూ నేర్చుకోవచ్చు.

ఇక్కడా ఊరివాళ్లు చెప్పే సంగతి ఒకటుంది. పక్షుల రెట్టలు కలిసిన చెరువునీళ్లు పారితే పైరు ఏపుగా పెరుగుతుందని నేలపట్టు రైతుల నమ్మకం. అందుకే పక్షులు వస్తే ఊరికి మంచిదంటారు, వాటి జోలికి పోరు. రెట్టలో నత్రజని, భాస్వరం ఉంటాయన్నది శాస్త్రం. కంచె కంటే ముందు ఈ పక్షుల్ని కాపాడింది ఆ నమ్మకమే.

నెల్లూరు డాక్టరు, యానాది గురువులు

ఊరివాళ్ల దగ్గర పాఠం నేర్చుకోవడం ఈ తీరంలో ఇవాళ్టి ముచ్చట కాదు. థామస్ జెర్డాన్ అనే వైద్యుడు 1835లో ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరినప్పుడు అతనికి పాతికేళ్లు కూడా లేవు. 1840ల్లో నెల్లూరుకు సివిల్ సర్జన్‌గా వచ్చాడు. ఉద్యోగం రోగుల్ని చూడటం, ప్రాణం మాత్రం పక్షులమీద! నెల్లూరు యానాదుల్ని కలిసి అడవి సంగతులు, జంతువుల సంగతులు అడిగి తెలుసుకునేవాడు. తర్వాత 1862-64ల్లో వచ్చిన ‘ది బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో పక్షులకు శాస్త్రీయనామాలతోపాటు తెలుగు పేర్లూ రాశాడు. జెర్డాన్ పేరు ఎన్నో జీవజాతులకు పెట్టారు. ఆ తెలుగు పేర్లు చెప్పినవారి పేర్లు మాత్రం చరిత్రకెక్కలేదు.

అలా జెర్డాన్ పేరు తగిలించుకున్నవాటిలో ఒకటి జెర్డాన్స్ కోర్సర్. మన కలివికోడి. 1848లో లోకానికి తెలిసిన ఈ పిట్ట 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. దాని ఆచూకీ నెల్లూరు దగ్గర సముద్రంలో కలిసే పెన్నా నది వెంట ఎగువకు వెళ్తే దొరికింది. సోమశిల దాటి, కొండలు దాటి కడప జిల్లా సిద్ధవటం చేరితే అక్కడ రెడ్డిపల్లె ఉంటుంది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున కలివికోడిని వెతకడానికి వచ్చిన యువ పరిశోధకుడు భరత్‌భూషణ్ ఆ చుట్టుపక్కల ఊళ్లలో పిట్ట గురించి అడుగుతూ తిరిగాడు. 1986 జనవరిలో ఐతన్న అనే పిట్టల వేటగాడికి రాత్రిపూట అది కనిపించింది. పట్టి తెచ్చాడు. 86 ఏళ్ల వెతుకులాటకు తెరపడింది! కబురు తెలిసి పక్షిశాస్త్ర పితామహుడు సలీం అలీ స్వయంగా బయల్దేరి వచ్చారు. పాపం, ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. కానీ అది ఉన్న పొదల అడవికి 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యంగా రక్షణ దొరికింది.

వెతికినవాళ్లకు ఇన్నేళ్లూ ఎందుకు దొరకలేదు? కలివికోడి రాత్రి తిరిగే పిట్ట. ఆ సంగతి పుస్తకాల్లో లేదు. రాత్రిపూట అడవిలో తిరిగే ఐతన్నకు తెలుసు. తర్వాత 2000ల్లో మరో తరం యువ పరిశోధకులు వచ్చి, పొదల మధ్య మట్టిని మెత్తగా చేసి కాలిగుర్తులు చూడటం, కెమెరాలు అమర్చడం, కూతను రికార్డు చేయడం లాంటి పద్ధతులతో ఆ జ్ఞానాన్ని కొలతల్లోకి తెచ్చారు. ఇక్కడ మెచ్చుకోవాల్సిన మాట ఇంకోటుంది... కలివికోడి కథ చెప్పిన ప్రతిచోటా భరత్‌భూషణ్ పేరు పక్కనే ఐతన్న పేరూ వినిపిస్తుంది. జెర్డాన్ కాలానికీ దీనికీ అదే తేడా.

సముద్రంలో పడ్డ రాకెట్

మళ్లీ తీరానికొద్దాం. రోడ్డు చివరనున్న శ్రీహరికోటను 1969లో రాకెట్ ప్రయోగాలకు ఎంచుకున్నారు. అక్కడి నుంచి తొలి రోహిణి సౌండింగ్ రాకెట్ ఎగిరింది 1971 అక్టోబరు 9న. అప్పటిదాకా ఆ దీవి అడవిలో పుట్టతేనె, దుంపలు, ఔషధ మూలికలతో బతికిన యానాదుల జీవితం ఆ తర్వాత మారిపోయింది. చాలామంది ఊళ్లు వదలాల్సి వచ్చింది. కొందరు ఆ ఛాయల్లోనే మిగిలారు.

పరిశోధనలో తొలి అడుగు తడబడినవాళ్లు ఈ దీవిలో జరిగిన ఓ సంగతి గుర్తుంచుకోవాలి. 1979 ఆగస్టు 10న మన తొలి ఉపగ్రహ వాహకనౌక ఎస్‌ఎల్‌వీ-3 ఇక్కణ్నుంచే లేచి, నిమిషాల్లోనే బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. విలేకరుల ముందు నిలబడి ఆ వైఫల్యం బాధ్యతను తనమీద వేసుకున్నది మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. మరుసటి ఏడాది, 1980 జులై 18న అదే రాకెట్ విజయం సాధించినప్పుడు ధావన్ పక్కకు తప్పుకుని, విలేకరులతో మాట్లాడమని కలాంని ముందుకు పంపారు. కలాం ఈ కథ ఎన్నో సభల్లో చెప్పేవారు. 2002లో ఈ ప్రయోగకేంద్రానికి ధావన్ పేరే పెట్టారు.

పీహెచ్‌డీకి సీటు వెతుక్కునేటప్పుడు కుర్రకారు విశ్వవిద్యాలయం పేరు చూస్తారు, ల్యాబ్ చూస్తారు. వాటికన్నా ముందు గైడ్‌ని చూడాలి. ఆయన దగ్గర చదివినవాళ్లు ఎన్నేళ్లలో పూర్తిచేశారు, తప్పు జరిగితే ఎలా మాట్లాడతారు, ప్రచురించిన వ్యాసంలో శిష్యుడి పేరు ముందు పెడతారా... ఇవి పాత విద్యార్థుల్ని అడిగి తెలుసుకోవాలి. అయిదేళ్ల జీవితం మరి!

ఆడపిల్లలైతే ఇంకాస్త ఎక్కువ ఆలోచించుకోవాలి. పక్షుల్ని చూడాలంటే చీకటితో లేవాలి. పడవెక్కితే గంటల తరబడి దిగడం కుదరదు, మరుగుదొడ్డి ఊసే ఉండదు. అయినా వస్తున్నారు. ఇద్దరు ముగ్గురు జట్టుగా వెళ్లడం, ఊళ్లో ఓ ఇంటివాళ్లతో పరిచయం పెంచుకోవడం, ఏ రోజు ఎటు వెళ్తున్నదీ డిపార్ట్‌మెంట్లో చెప్పి వెళ్లడం... వాళ్లు పాటించే జాగ్రత్తలు మగపిల్లలకీ పనికొస్తాయి.

లెక్క ఎవరికి అప్పజెప్పాలి?

అయిదేళ్లయ్యాక సిద్ధాంతవ్యాసం తయారవుతుంది. నల్ల అట్టమీద బంగారు అక్షరాలు. దాని ప్రతులు విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో చేరతాయి. మరి సరస్సు ఒడ్డున ఉన్న ఊళ్లకు చేరేదేమిటి? ముఖద్వారం పూడిపోతే ఉప్పు ఎంత పెరుగుతోంది, దానికి ఏ చేప తగ్గుతోంది అన్న లెక్క ఆ పరిశోధకుడి దగ్గరే ఉంటుంది. పూడిక తీయమని అర్జీ పెట్టుకునే జాలరికి ఆ లెక్కే కావాలి. రెండు పేజీల తెలుగులో రాసి పంచాయతీలో ఇస్తే, బళ్లో పిల్లలకు ఓ పూట చెబితే అది పెద్ద ఖర్చు కాదు. కానీ వచ్చే ఏడు మళ్లీ పడవెక్కేటప్పుడు ‘ఏం ఎతుకుతుండావు?’ అన్న ప్రశ్న రాదు. ‘ఈసారి లెక్కెంతొచ్చింది?’ అని అడుగుతారు.

ఇంకో అడుగూ వేయాల్సి ఉంది. మన రాష్ట్రంలోని పెద్ద గిరిజన తెగల్లో యానాదులు ఒకరు. నూట ఎనభై ఏళ్లుగా శాస్త్రవేత్తలకు చెట్టుని, పాముని, పిట్టని చూపిస్తూ వచ్చినవాళ్లలో వాళ్లు ముందువరసలో ఉంటారు. ఎస్టీ విద్యార్థుల ఉన్నత పరిశోధన కోసం కేంద్రం ఇచ్చే జాతీయ ఫెలోషిప్‌లు ఏటా 750. అవి అందుకోవాలంటే ముందు పది దాటాలి, డిగ్రీ దాటాలి, పీజీ దాటాలి. చేపల వేటకీ, రొయ్యల చెరువుల కాపలాకీ ఇంటిల్లిపాదీ వలసపోయే కుటుంబాల్లో ఆ మెట్లు ఎక్కడం తేలిక కాదు. ఇవాళ పడవలో కూర్చుని ఉప్పు కొలిచే ఫెలో, ఎదురుగా గెడ వేస్తున్న మనిషి కూతురికి ఆ మెట్లెక్కడ ఉన్నాయో చెప్పగలిగితే... ఓ ఇరవయ్యేళ్లకి ఆ అమ్మాయే ఫెలోషిప్ ఉత్తర్వుతో ఈ ఒడ్డుకు రావచ్చు. ఆమెకు చేపల పేర్లు ఎవరూ చెప్పనక్కర్లేదు!

ఎలా వెళ్లాలి?

సూళ్లూరుపేట చెన్నై-నెల్లూరు రైలుమార్గంలో, జాతీయరహదారి పక్కనే ఉంది. చెన్నై నుంచి సుమారు 80 కిలోమీటర్లు, నెల్లూరు నుంచి దాదాపు వంద. పక్షుల్ని చూడటానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వేకువనే వెళ్లాలి. ముదురురంగు బట్టలు వేసుకుని, గోల చేయకుండా, గూళ్లకు దూరంగా ఉండి చూడాలి. శ్రీహరికోటలోకి అనుమతి లేనిదే వెళ్లనివ్వరు. రాకెట్ ప్రయోగాన్ని గ్యాలరీ నుంచి చూసే అవకాశం 2019 నుంచి సామాన్యులకూ ఉంది. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. దారిలో సరస్సు గట్టున ఎవరైనా కుర్రాడో అమ్మాయో సీసాలో నీళ్లు పట్టుకుని వెలుతురుకేసి చూస్తూ కనిపిస్తే... మీ పిల్లల్ని దగ్గరికి తీసుకెళ్లి ఏం చేస్తున్నారో అడగమనండి. అడిగితే చెప్పాలన్న తపన వాళ్లకెప్పుడూ ఉంటుంది.